పాత క్యూ6600 ప్రాసెసర్‌ని 3 గిగాహెర్ట్జ్‌కి ఓవర్‌క్లాక్ చేస్తే ఇంటి సర్వర్ స్పీడ్ పెరుగుతుందా? (నల్లగొండ ఎండలు గుర్తుపెట్టుకుని చెప్పండి)

క్లాక్‌టవర్_కుర్రోడు:

అన్నలకు నమస్తే. మాది నల్లగొండ. ఇంట్లో మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌ని తుడిచి సర్వర్ చేసుకున్నాను. ఇంటెల్ కోర్ 2 క్వాడ్ క్యూ6600, జీ41 చిప్‌సెట్ బోర్డు, డీడీఆర్2 800 ర్యామ్ 4 జీబీ, ఓఎస్‌కి చిన్న ఎస్ఎస్‌డీ, డేటాకి రెండు 2 టీబీ హార్డ్ డిస్కులు, రెండూ మిర్రర్‌లో, అంటే ఒకే డేటా రెండిటిలోనూ. డెబియన్ లినక్స్ వేసి సాంబా (ఫైల్ షేరింగ్), జెల్లీఫిన్ (టీవీకి వీడియోలు పంపేది), పై-హోల్ (యాడ్లు ఆపేది) నడుపుతున్నాను. అమ్మ నాన్న ఫోన్లలో ఫొటోలు అన్నీ దీంట్లోకే వస్తాయి, అక్క పెళ్లి వీడియో కూడా దీంట్లోనే ఉంది, వీడియోగ్రాఫర్ ఇచ్చిన ఒరిజినల్ ఫైళ్లు మొత్తం, ఎడిట్ చేసింది కాదు.

ఇబ్బంది ఏంటంటే లాప్‌టాప్ నుంచి ఏది కాపీ చేసినా సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు, పెద్ద ఫైలైనా చిన్న ఫైలైనా అంతే. ముందు గదిలో టీవీలో పెళ్లి వీడియో పెడితే తాళి కట్టే ముందే ఆగిపోతుంది, చుట్టాలొచ్చినప్పుడు పరువు పోతోంది. మా బావ ఏమన్నాడంటే, ఓవర్‌క్లాక్ చెయ్, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువలో నడుపు, ఎఫ్ఎస్‌బీ (ప్రాసెసర్‌కి బోర్డు ఇచ్చే బేస్ క్లాక్) 266 నుంచి 333 పెట్టు, 3 గిగాహెర్ట్జ్ వస్తది, అన్నీ సాఫీగా నడుస్తయి అని. ప్రాసెసర్ మీద డబ్బాతో వచ్చిన కూలరే ఉంది, ఇంతవరకు మార్చలేదు. సర్వర్ పెట్టింది మేడ మీద గదిలో, మే నెలలో ఆ గదిలో మనిషే కూర్చోలేడు.

చేయొచ్చా? చేస్తే ఎట్లా చేయాలి? కొత్తది కొనుక్కో అని మాత్రం అనకండి, ఇప్పుడు ఆ బడ్జెట్ లేదు.

పాలమూరు_ఓసీ:

తమ్ముడూ, క్యూ6600 అంటే మా తరానికి పండగ. 2007 జనవరిలో వచ్చింది, 65 నానోమీటర్ చిప్, మల్టిప్లయర్ (ఎఫ్ఎస్‌బీని ఎన్నితో గుణించాలనే అంకె) 9కి మించకుండా లాక్ అయి ఉంటుంది, కాబట్టి పైకి పోవాలంటే ఎఫ్ఎస్‌బీ ఒక్కటే దారి. 266 ఇంటూ 9 అయితే 2.4, 333 ఇంటూ 9 అయితే 3.0. మీ బావ చెప్పిన లెక్క కరెక్టే.

ముందు నీ చిప్ ఏ స్టెప్పింగో, అంటే తయారీలో ఏ వెర్షనో చూడు. కూలర్ తీసినప్పుడు ప్రాసెసర్ మూత మీద ఎస్‌ఎల్‌ఏసీఆర్ అని రాసి ఉంటే అది జీ0, 95 వాట్లది, మంచి ముక్క. ఎస్‌ఎల్9యూఎం అని ఉంటే బీ3, 105 వాట్లది, వేడి ఎక్కువ, దాన్ని ముట్టుకోకు.

జీ0 అయితే చేసే పద్ధతి ఇది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెరలో) పీసీఐ ఎక్స్‌ప్రెస్ క్లాక్‌ని ఆటోలో వదలకుండా 100కి ఫిక్స్ చెయ్. ఇది మర్చిపోతే ఎఫ్ఎస్‌బీతో పాటు అది కూడా పెరిగి డిస్క్ కంట్రోలర్‌కి తిక్క పడుతుంది, బోర్డు బోర్డుకి తేడా ఉంటుంది కానీ రిస్క్ ఎందుకు. తర్వాత ర్యామ్ రేషియో 1:1కి తే, అప్పుడు నీ డీడీఆర్2 800 కాస్తా 667లో నడుస్తుంది, ర్యామ్ మీద ఒత్తిడి ఉండదు, ఏదైనా తేడా వచ్చినా ప్రాసెసర్ వల్లనా ర్యామ్ వల్లనా అని తల పట్టుకునే పని తప్పుతుంది. అప్పుడు ఎఫ్ఎస్‌బీ 280, 300, 320, 333 అని మెల్లగా ఎక్కు, ఒక్కో మెట్టు మీద ఎంప్రైమ్ (ప్రాసెసర్‌ని ఫుల్ లోడ్ మీద పరీక్షించేది) నడిపి చూడు. వోల్టేజ్ మొదట పెంచకు, ఆగిపోతేనే ఒక్క మెట్టు పెంచు.

ఇంకో మాట, టెస్ట్ చేసినంత సేపూ ఆ రెండు డేటా డిస్కుల సాటా కేబుళ్లు పీకి పక్కన పెట్టు. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్ బూట్ చేసి దాంట్లోనే టెస్ట్ చెయ్. మెమ్‌టెస్ట్ (ర్యామ్ పరీక్ష) ఒక రాత్రంతా తిరగనివ్వు. అక్క పెళ్లి వీడియో ఉన్న డిస్కుల మీద ప్రయోగాలు చేయొద్దు.

జీ41 బోర్డు అన్నావు గదా, అదే కొంచెం డౌటు. ఆ క్లాస్ బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్ పక్కన ఉండే మాస్‌ఫెట్ల (ప్రాసెసర్‌కి కరెంటు అందించే చిప్పుల) మీద హీట్‌సింక్ ఉండదు. నాలుగు కోర్లూ ఫుల్ లోడ్ మీద ఉంటే ప్రాసెసర్ కంటే ముందు అవి కాలతాయి. కూలర్ గాలి వాటి మీదికి పోయేలా చూసుకో. బోర్డు ఫొటో పెట్టు చూద్దాం.

గద్వాల్_లినక్స్:

పాలమూరన్నా, చేసే పద్ధతి బాగానే చెప్పారు కానీ అసలు రోగం ఏంటో చూడకుండానే ఇంజెక్షన్ ఎత్తారు.

తమ్ముడూ, సెకనుకు 11 ఎంబీ అన్నావు చూడు, ఆ నంబరే అంతా చెప్తోంది. 100 ఎంబీపీఎస్ లింకుని 8తో భాగిస్తే 12.5, అందులో ప్రోటోకాల్ ఖర్చు పోతే చేతికి వచ్చేది 11 చిల్లర. ప్రాసెసర్ నెమ్మదిగా ఉంటే స్పీడ్ అటూ ఇటూ ఊగుతుంది, ఇట్లా గీత గీసినట్టు ఒకే దగ్గర ఆగదు. గిగాబిట్ లింకు అయితే 110 దాకా వస్తుంది, పాత 7200 ఆర్‌పీఎం డిస్కు అయితే అంతకు ముందే అది అలిసిపోతుంది. క్యూ6600కి సాంబా ఫైల్ షేరింగ్ అసలు పనే కాదు. ఎన్‌క్రిప్షన్ పెడితే మాత్రం వేరే సంగతి, ఆ చిప్‌లో ఏఈఎస్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి) ఇన్‌స్ట్రక్షన్లు లేవు, అప్పుడు దమ్ము తీస్తుంది. వీపీఎన్ కావాలంటే వైర్‌గార్డ్ పెట్టుకో, దానికి ఏఈఎస్ అక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సింది. సర్వర్‌లో ఈథ్‌టూల్ కమాండ్ కొట్టి స్పీడ్ అన్న లైన్ దగ్గర 1000 ఉందా 100 ఉందా చూడు. రెండు వైపులా ఐపెర్ఫ్3 పెట్టి నెట్‌వర్క్ స్పీడ్ కొలువు, 94 ఎంబీపీఎస్ దగ్గర ఆగితే ఇక అనుమానమే లేదు. కాపీ నడుస్తున్నప్పుడు ఇంకో విండోలో టాప్ తెరిచి ప్రాసెసర్ ఎంత వాడుతోందో చూడు, నా అంచనా సగం కూడా వాడదు.

100 అని వస్తే మూడు చోట్ల వెతుకు. ఒకటి, ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన డబ్బా వెనక పోర్టులు, చాలావాటిలో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100. రెండు, మధ్యలో ఎక్కడైనా పాత స్విచ్. మూడు, వైరు. 100కి నాలుగు తీగలు చాలు, 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. నీలం జంటలోనో బ్రౌన్ జంటలోనో ఒక్క తీగ తెగినా లింకు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మిర్యాలగూడ_మిల్లు:

మా రైస్ మిల్లు ఆఫీసులో ఇట్లాంటి డబ్బానే ఒకటి ఉంది, లెక్కల బ్యాకప్, కెమెరాల రికార్డింగు దాని మీదే. ఓవర్‌క్లాక్ చేసిన సర్వర్‌తో ఉండే అసలు గోల ఎవరూ చెప్పడం లేదు కాబట్టి చెప్తున్నా.

దాన్ని పెట్టిచ్చిన కుర్రాడు ఓవర్‌క్లాక్ చేసి ఇచ్చాడు, బాగానే నడిచింది. వానాకాలం ఒక రాత్రి కరెంటు పోయి వచ్చి పోయి వచ్చింది. పొద్దున చూస్తే సర్వర్ లేదు. ఫ్యాను తిరుగుతోంది, లైటు ఉంది, నెట్‌వర్క్‌లో మాత్రం కనబడదు. మానిటర్ మోసుకొచ్చి తగిలిస్తే తెర మీద ఓవర్‌క్లాకింగ్ ఫెయిల్డ్, ఎఫ్1 నొక్కండి అని ఉంది. బూటు మధ్యలో కరెంటు పోతే బోర్డు దాన్ని ఓవర్‌క్లాక్ ఫెయిల్ అయినట్టే లెక్కేసుకుంటుంది. కీబోర్డే లేని సర్వర్‌కి ఎఫ్1 ఎవరు నొక్కుతారు? నేను ఆ రోజు హైదరాబాద్‌లో ఉన్నా, గుమస్తాకి ఫోన్‌లో చెప్పి నొక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మరుసటి వారం సెట్టింగులన్నీ డిఫాల్ట్‌కి తెప్పించా.

మీ దగ్గర కూడా ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోవడం మామూలే గదా. యూపీఎస్ లేకుండా అయితే ఆ ఊసే వద్దు. బయోస్‌లో కరెంటు వచ్చాక తనంతట తానే ఆన్ అయ్యే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టుకో. సీమాస్ బ్యాటరీ, అదే సీఆర్2032 బిళ్ల, ఎప్పుడు మార్చావో గుర్తు లేకపోతే ఇప్పుడే మార్చు. అది చచ్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా సెట్టింగులు, టైము అన్నీ ఎగిరిపోతాయి.

ఇక దుమ్ము సంగతి. మాకైతే తవుడు దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య అట్ట కట్టి ఉంటుంది, పైన ఫ్యాను ఉండటం వల్ల కనబడదు, ఫ్యాను విప్పితేనే తెలుస్తుంది. మీది ఇల్లే అయినా ఇంతకాలంగా మార్చని కూలర్ అన్నావు, లోపలి థర్మల్ పేస్టు ఎండి సున్నం అయిపోయి ఉంటుంది. ముందు అది చెయ్.

వనపర్తి_లెక్చరర్:

అందరూ స్పీడ్ గురించి మాట్లాడుతున్నారు, కరెంటు మీటరు గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

ప్రాసెసర్ లోడ్ మీద తినే పవరు ఫ్రీక్వెన్సీకి అనులోమంగా, వోల్టేజ్ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 2.4 నుంచి 3.0 అంటే 1.25 రెట్లు. దానికోసం వోల్టేజ్ 1.25 నుంచి 1.35కి పెంచావనుకో, దాని వర్గం 1.17 రెట్లు. రెండూ గుణిస్తే 1.46. పాతిక శాతం స్పీడ్ కోసం 46 శాతం ఎక్కువ వేడి. చల్లటి దేశాల వాళ్లు 20, 22 డిగ్రీల గదిలో కూర్చుని మంచి టెంపరేచర్లు వచ్చాయని ఫొటోలు పెడతారు. నీ మేడ మీద గది మేలో 40 ఉంటే అక్కడ వచ్చిన ప్రతి రీడింగుకీ ఇరవై కలుపుకో. కూలర్ ఎంత మంచిదైనా గది కంటే చల్లగా చేయలేదు.

ఇంకొకటి, చాలా బోర్డుల్లో వోల్టేజ్‌ని చేత్తో ఫిక్స్ చేస్తే ఖాళీగా ఉన్నప్పుడు తగ్గాల్సిన వోల్టేజ్ తగ్గదు. స్పీడ్‌స్టెప్ ఉంటే ఈ చిప్ పని లేనప్పుడు మల్టిప్లయర్ 6కి దిగి 1.6 గిగాహెర్ట్జ్‌లో కునుకు తీస్తుంది. ఇంటి సర్వర్ రోజులో ఎక్కువ భాగం ఖాళీగానే ఉంటుంది గదా, ఆ కాస్త పొదుపూ పోతుంది.

ఇప్పుడు యూనిట్ల లెక్క. ఆ కాలం క్వాడ్ కోర్ డెస్క్‌టాప్ రెండు డిస్కులతో ఊరికే ఆన్‌లో ఉంటేనే 90 వాట్లు తింటుందనుకుందాం. 24 గంటలు, 30 రోజులు, అంటే నెలకు 65 యూనిట్లు దగ్గర దగ్గర. మీ ఇంటికి గృహజ్యోతి జీరో బిల్లు వస్తుంటే ఇది పెద్ద విషయం. 200 యూనిట్ల లోపు ఉంటేనే జీరో. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు కలిపి 150 కాలుతున్న ఇల్లు ఈ ఒక్క డబ్బాతో 200 దాటేస్తుంది, దాటితే పైన ఉన్న నాలుగు యూనిట్లకే కాదు, ఆ నెల బిల్లు మొత్తం మీ నాన్న కట్టాలి. ఏప్రిల్, మేలో గదికి పెట్టే ఎయిర్ కూలర్ కూడా తోడైతే చెప్పనక్కర్లేదు. ప్లగ్గుకి పెట్టే చిన్న వాట్ మీటర్ దొరుకుతుంది, ముందు అది పెట్టి చూసుకో, తర్వాత ఓవర్‌క్లాక్ సంగతి.

నా సలహా దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. వోల్టేజ్ తగ్గించు. స్పీడ్ 2.4 దగ్గరే ఉంచి వోల్టేజ్‌ని ఒక్కో మెట్టు దించుతూ పాలమూరు ఓసీ చెప్పిన టెస్టులే చెయ్. జీ0 చిప్‌లు చాలావరకు డిఫాల్ట్ కంటే తక్కువలో చక్కగా నడుస్తాయి.

పాలమూరు_ఓసీ:

సార్, లెక్క ఒప్పుకుంటా. కానీ వోల్టేజ్ పెంచకుండానే 3.0 పట్టే జీ0లు బోలెడు ఉన్నాయి, అట్లాంటప్పుడు మీ 1.46 కాస్తా 1.25 అవుతుంది. కుర్రాడికి నేర్చుకోవాలని సరదా ఉంటే ఎందుకు ఆపాలి. డిసెంబర్‌లో చేసుకోనివ్వండి, వేరే డిస్కు పెట్టి.

గద్వాల్_లినక్స్:

సరదాకి వేరే మెషీన్ మీద చేసుకోనివ్వండి అన్నా, నేనేం అడ్డం పడను. ఫైల్ సర్వర్ మీద నా భయం వేరే. గేమ్ ఆడే పీసీలో ఓవర్‌క్లాక్ తేడా కొడితే గేమ్ క్రాష్ అవుతుంది, తెలిసిపోతుంది. ఇక్కడ ర్యామ్‌లో ఒక బిట్ తిరగబడితే ఆ ఫొటో తప్పుగానే డిస్కు మీదికి పోతుంది, ఈసీసీ (ర్యామ్‌లో తప్పు దిద్దే ఏర్పాటు) లేదు, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ డేటాకి చెక్‌సమ్ (తప్పు పట్టించే లెక్క) పెట్టదు, మిర్రర్ పుణ్యమా అని తప్పు కాపీ రెండు డిస్కుల మీదా జాగ్రత్తగా కూర్చుంటుంది. రెండేళ్ల తర్వాత ఫొటో తెరిస్తే సగం నుంచి కింద బూడిద రంగు. అప్పటికి ఫోన్లో ఒరిజినల్ ఎప్పుడో డిలీట్ చేసేసి ఉంటారు.

మిర్రర్‌ని బ్యాకప్ అనుకోవద్దు తమ్ముడూ, బయట ఒక హార్డ్ డిస్కులో ఇంకో కాపీ పెట్టుకో. ఇది ఓవర్‌క్లాక్ చేసినా చేయకపోయినా.

క్లాక్‌టవర్_కుర్రోడు:

గద్వాల్ అన్నా, మీరు చెప్పినట్టే చూశాను. ఈథ్‌టూల్‌లో స్పీడ్ 100. ఐపెర్ఫ్ 94 దగ్గర ఆగింది. కాపీ నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుంది.

రౌటర్ పోర్టు గిగాబిట్టే, స్విచ్ కూడా లేదు. దాంతో వైరు వెంట పడ్డాను. మేడ మీది ప్లేటు విప్పితే తెలిసింది, కెమెరాలు పెట్టినప్పుడు కింద నుంచి పైకి ఒక్కటే కేబుల్ లాగి దాన్ని రెండుగా చీల్చారు, ఆరెంజ్, గ్రీన్ జంటలు నా సర్వర్‌కి, నీలం, బ్రౌన్ జంటలు కెమెరాల డీవీఆర్‌కి. అంటే ఇన్నాళ్లూ నాకు వచ్చింది సగం కేబులే. ఇంకో కేబుల్ పైపులోంచి లాగించి ఎనిమిది తీగలూ కట్టించాను. ఇప్పుడు ఐపెర్ఫ్‌లో 940, కాపీ 90 దగ్గర నడుస్తోంది. ప్రాసెసర్ మీద వేలు కూడా పెట్టలేదు.

కానీ పెళ్లి వీడియో మాత్రం టీవీలో ఇంకా ఆగుతూనే ఉంది. మామూలు సినిమాలు బాగానే వస్తున్నాయి. దీనికైనా ఓవర్‌క్లాక్ పనికొస్తుందా? నాన్న బిల్లు కూడా చూపించాడు, పోయిన నెల 188 యూనిట్లు, వనపర్తి సార్ చెప్పింది విని గుండె ఆగినంత పనైంది.

గద్వాల్_లినక్స్:

చీల్చిన కేబుల్! ఇంకా ఎన్ని ఇళ్లలో ఉందో ఇది.

వీడియో సంగతి. జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డులో, వీడియో ఆడుతున్నప్పుడు, ట్రాన్స్‌కోడింగ్ (సర్వర్ వీడియోని మార్చి పంపడం) అని ఉందా డైరెక్ట్ ప్లే అని ఉందా చూడు, కారణం కూడా అక్కడే రాస్తుంది. మామూలు సినిమాలు టీవీయే నేరుగా ఆడుకుంటుంది, సర్వర్ ఫైలు అందిస్తుందంతే. పెళ్లి వీడియో ఒరిజినల్ అన్నావు గదా, ఇప్పటి కెమెరాల్లో 4కే, 10 బిట్, 4:2:2లో (రంగు వివరం ఎక్కువగా ఉంచే పద్ధతి) తీస్తున్నారు, ఎడిటింగ్‌లో రంగులు దిద్దుకోవడానికి. టీవీల్లో ఉండే డీకోడర్‌కి 4:2:2 అర్థం కాదు, 4:2:0 మాత్రమే తెలుసు. అందుకని జెల్లీఫిన్ అప్పటికప్పుడు మార్చి పంపాలని చూస్తుంది, పాపం నీ క్యూ6600 చేతులెత్తేస్తుంది. దానికి ఏవీఎక్స్ (ఇట్లాంటి లెక్కలు వేగంగా చేసే ఇన్‌స్ట్రక్షన్లు) లేదు, వీడియో డీకోడ్ చేసే హార్డ్‌వేర్ అసలే లేదు. 3.0కి ఎక్కిస్తే సెకనుకు నాలుగు ఫ్రేములు వచ్చే చోట ఐదు వస్తాయి, కావాల్సింది పాతికో ముప్పయ్యో.

దానికి తోడు చాలా టీవీల్లో లాన్ పోర్టే 100 ఎంబీపీఎస్. కెమెరా ఒరిజినల్ ఫైలు బిట్‌రేటు అంతకు మించి ఉంటే ప్రాసెసర్ రాకెట్ అయినా ఆ సందులోంచి దూరదు.

ఒక్కసారి మార్చి పెట్టుకో. లాప్‌టాప్ కొత్తదేనా? అయితే దాంట్లో హ్యాండ్‌బ్రేక్ (వీడియో మార్చే సాఫ్ట్‌వేర్) వేసి, 1080పీ, హెచ్.264, 8 బిట్‌లోకి మార్చి ఆ కాపీని జెల్లీఫిన్ ఫోల్డర్లో పెట్టు. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి కొన్ని అయిపోయి ఉంటాయి. ఒరిజినల్స్‌ని మాత్రం ముట్టుకోకు, వేరే ఫోల్డర్లోకి జరిపి ఉంచు.

వనపర్తి_లెక్చరర్:

188 అంటే ఇప్పటికే అంచు మీద ఉన్నారు. రాత్రి 11 నుంచి పొద్దున 6 వరకు సర్వర్‌ని పడుకోబెట్టు, ఆర్‌టీసీవేక్ కమాండ్‌తో పొద్దున దానంతట అదే లేచేలా పెట్టొచ్చు. 7 గంటలు, 90 వాట్లు, నెలకు 19 యూనిట్లు మిగులుతాయి. పై-హోల్ మాత్రం ఆ టైములో పనిచేయదు కాబట్టి రౌటర్‌లో వేరే డీఎన్ఎస్ (సైట్ల అడ్రసు వెతికి ఇచ్చేది) పెట్టుకో, లేకపోతే రాత్రి నెట్ పోయిందని ఇంట్లో గొడవ మొదలవుతుంది.

క్లాక్‌టవర్_కుర్రోడు:

ఒక ఫైలు మార్చి పెట్టి చూశాను, తాళి కట్టడం దాటి అప్పగింతల దాకా ఎక్కడా ఆగలేదు. అమ్మ మళ్లీ ఏడ్చింది, అది వేరే సంగతి.

పేస్టు మార్చడానికి ఈ ఆదివారం కూర్చుంటున్నా. చిప్ మీద ఏ నంబరు ఉందో కూడా అప్పుడు చూస్తా పాలమూరన్నా. కూలర్ తీసి మళ్లీ పెట్టేటప్పుడు ఏమైనా జాగ్రత్త ఉందా? ఎప్పుడూ తీయలేదు.

పాలమూరు_ఓసీ:

ఉంది. ముందు ఓ ఐదు నిమిషాలు సర్వర్‌ని లోడ్ మీద నడిపి ఆపెయ్, పేస్టు కాస్త మెత్తబడుతుంది. తర్వాత ప్లగ్గు పీకి మొదలుపెట్టు. 775 సాకెట్ కూలర్‌కి నాలుగు పుష్ పిన్నులు ఉంటాయి, తల మీద బాణం గుర్తు ఉంటుంది. బాణం ఉన్న వైపు తిప్పి పైకి లాగితే వస్తుంది. పెట్టేటప్పుడు నాలుగూ వెనక్కి తిప్పి ఉంచి, ఎదురెదురు మూలలు రెండేసి చొప్పున టక్కుమనేదాకా నొక్కు. పైనుంచి చూస్తే నాలుగూ కూర్చున్నట్టే కనబడతాయి, నమ్మకు. బోర్డుని డబ్బాలోంచి బయటకు తీసి వెనక వైపు చూడు, తెల్ల గొట్టం మధ్యలోంచి నల్ల మొన నాలుగు చోట్లా బయటకు వచ్చి ఉండాలి. ఒక్కటి రాకపోయినా కూలర్ ఆ మూల లేచి ఉంటుంది, టెంపరేచర్ చూసి చిప్ పోయిందనుకుంటావు.

పేస్టు బియ్యపు గింజంత చాలు. ఎస్‌ఎల్‌ఏసీఆర్ వస్తే ఫొటో పెట్టు.